యూఎక్స్, ఐఏ: ఆన్‌లైన్‌లో ఏది చదవాలి, ఎలా చదవాలి

యూఎక్స్ డిజైన్, అంటే యాప్ లేదా సైట్ వాడేవాళ్ల అనుభవాన్ని తీర్చిదిద్దే పని గురించి ఆన్‌లైన్‌లో దొరకని విషయం లేదు. చిక్కల్లా అక్కడే వస్తోంది. ఫోన్ తెరిస్తే చాలు, "మెనూలో ఏడుకు మించి ఉండకూడదు" అని ఒకరు, "ఏదైనా మూడు క్లిక్కుల్లో దొరకాలి" అని ఇంకొకరు, "ఐదుగురితో టెస్ట్ చేస్తే సరిపోతుంది" అని మరొకరు. అన్నీ తిరుగులేని నియమాల్లాగే కనిపిస్తాయి. ఆ మాట ఎక్కడ పుట్టింది, ఎవరి మీద పరీక్షించి చెప్పారు, ఏ సందర్భానికి చెప్పారు అనేది మాత్రం ఉండదు. ఇలాంటివి ఏడాది పొడుగునా సేవ్ చేసుకుంటూ పోయినా, రేపు మీటింగ్‌లో "ఈ మెనూ ఇలాగే ఎందుకు పెట్టావు?" అని అడిగితే నోట మాట రాదు.

ఈ రంగంలోకి కొత్తగా వచ్చినవాళ్లకి, డెవలపర్‌గానో కంటెంట్ రాసేవాళ్లుగానో ఉంటూ డిజైన్ పని కూడా నెత్తిన పడ్డవాళ్లకి ఇది రాస్తున్నాను. నేను గట్టిగా నమ్మే పద్ధతి ఇది: కొద్ది చోట్లే చదవండి, ప్రతి మాటకీ మూలం దాకా వెళ్లండి, చదివినదాన్ని వేడి తగ్గకముందే చిన్నగా చేసి చూడండి.

1. ముందు మీ ప్రశ్న రాసుకోండి

"యూఎక్స్ నేర్చుకోవాలి" అనుకుని మొదలుపెడితే ఎక్కడా ఆగరు. మీ చేతిలో ఉన్న పనిలోంచి ఒక ప్రశ్న తీయండి. ఒక ఉదాహరణ పెట్టుకుందాం, చివరిదాకా పనికొస్తుంది. మీరు పనిచేసే షాపింగ్ యాప్‌లో రీఫండ్ ఎక్కడ అడగాలో తెలియక జనం కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తున్నారు. ఎందుకు?

ఇది ఇన్ఫర్మేషన్ ఆర్కిటెక్చర్ ప్రశ్న, వాడుకలో ఐఏ. లూయిస్ రోజెన్‌ఫెల్డ్, పీటర్ మోర్విల్ 1998లో రాసిన పుస్తకం ఈ పనిని నాలుగు ముక్కలుగా విడగొట్టింది: విషయాలను ఎలా గుంపులు చేస్తాం, వాటికి ఏ పేర్లు పెడతాం, ఒకచోటి నుంచి ఇంకోచోటికి ఎలా వెళ్లనిస్తాం, వెతికితే ఎలా దొరకనిస్తాం. అదే యాప్‌లో రీఫండ్ ఫారం దొరికింది కానీ సగం నింపి వదిలేస్తున్నారంటే, అప్పుడది ఫారం డిజైన్ ప్రశ్న. రెండింటికీ చదవాల్సినవి వేరు. ఈ తేడా ముందే తేల్చుకుంటే సగం చదువు తగ్గిపోతుంది.

ప్రశ్నని ఒక్క వాక్యంలో రాసి కళ్లెదుట ఉంచుకోండి. నెలకి ఒకటి చాలు.

2. పునాదికి మూడే మూడు

రోజువారీ వ్యాసాల్లోకి దిగే ముందు కాస్త పునాది కావాలి. దీనికోసం కోర్సు కొనక్కర్లేదు.

జెస్సీ జేమ్స్ గారెట్ 2000లో ఒక్క పేజీ బొమ్మ గీశారు. యూజర్ అనుభవాన్ని ఐదు పొరలుగా చూపించే ఆ బొమ్మ ఇప్పటికీ ఉచితంగా దొరుకుతుంది. అట్టడుగున ఈ ప్రొడక్ట్ ఎందుకు, ఎవరికి అన్న వ్యూహం. దాని మీద ఏమేం ఉండాలన్న పరిధి, ఆపైన ఏది దేని కింద ఉండాలన్న నిర్మాణం, ఆపైన తెర మీద ఏది ఎక్కడ ఉండాలన్న అస్థిపంజరం, పైపైన కంటికి కనిపించే రూపం. ఐఏ ఉండేది నడిమి పొరలో, నిర్మాణంలో. ఏ వ్యాసం చదివినా "ఇది ఏ పొర గురించి మాట్లాడుతోంది?" అని అడగండి. సోషల్ మీడియాలో తిరిగే సలహాల్లో ఎక్కువ భాగం పైపొర దగ్గరే ఆగిపోతుందని మీకే తెలుస్తుంది. రీఫండ్ దొరక్కపోవడానికి బటన్ రంగు కారణం అయ్యే అవకాశం చాలా తక్కువ.

రెండోది జేకబ్ నీల్సన్ 1994లో ఖరారు చేసిన పది యూజబిలిటీ సూత్రాలు, అంటే వాడటానికి సులువుగా ఉండాలంటే ఏం చూసుకోవాలో చెప్పేవి. నీల్సన్ నార్మన్ గ్రూప్ సైట్‌లో ఉదాహరణలతో ఉన్నాయి. మూడోది ఆబీ కవర్ట్ 2014లో తెచ్చిన చిన్న పుస్తకం, గజిబిజిగా ఉన్న సమాచారాన్ని ఎలా అర్థం చేసుకోవాలన్నది దాని విషయం. ఆమె దాన్ని ఆన్‌లైన్‌లో ఉచితంగా చదువుకోనిచ్చారు. ఐఏకి కొత్తవాళ్లకి ఇంతకంటే సులువైన తలుపు నాకు కనిపించలేదు.

3. ఒక్కో పనికి ఒక్కో చోటు

"టాప్ 100 యూఎక్స్ సైట్లు" లాంటి జాబితాల జోలికి వెళ్లకండి. ఏ అవసరానికి ఎక్కడికి వెళ్లాలో తెలిస్తే కొద్ది చోట్లే సరిపోతాయి.

పరిశోధన ఆధారంగా చెప్పే మాట కావాలంటే నీల్సన్ నార్మన్ గ్రూప్. 1998లో మొదలైన సంస్థ. నీల్సన్ రాతలు అంతకుముందే, 1995 నుంచి వస్తున్నాయి. వ్యాసం పైన తేదీ ఉంటుంది, చూసి చదవండి. ఇరవై ఏళ్ల కిందటిది కూడా సెర్చ్‌లో పైకి వస్తుంది. ఆన్‌లైన్ షాపింగ్ గురించైతే బేమార్డ్ ఇన్‌స్టిట్యూట్. పూర్తి నివేదికలకి డబ్బు కట్టాలి, ఉచిత వ్యాసాల్లోనూ సరుకు బాగానే ఉంటుంది. మన రీఫండ్ ప్రశ్నకి ముందు అక్కడే వెతుకుతాను.

డిజైన్ నిర్ణయం ఎలా తీసుకుంటారో దగ్గరగా చూడాలంటే బ్రిటన్ ప్రభుత్వం 2018లో తెచ్చిన గవ్ డాట్ యూకే డిజైన్ సిస్టమ్‌ని మించింది లేదు. బటన్లు, ఫారం పెట్టెలు లాంటి భాగాలను ఎలా వాడాలో ఒక్కో పేజీలో చెప్పే సైట్ అది. అందులో తేదీ అడిగే ఫారం పేజీ ఒకటి తెరవండి. పుట్టినతేదీ లాంటి, మనిషికి ముందే తెలిసిన తేదీ అడగడానికి వాళ్లు క్యాలెండర్ పెట్టలేదు. రోజు, నెల, సంవత్సరం అని మూడు విడి పెట్టెలు పెట్టారు, టైప్ చేయడమే. ఎప్పుడు వాడాలో చెప్పిన వెంటనే ఎప్పుడు వాడకూడదో కూడా రాశారు: కచ్చితమైన తేదీ మనిషికి తెలియకపోవచ్చు అనుకున్నప్పుడు ఇది వద్దు అని. చాలా భాగాల పేజీల్లో, పరీక్షల్లో ఏం తేలిందో, ఇంకా ఏం తేలాల్సి ఉందో కూడా చెబుతారు. డెవలపర్లు కోడ్ పంచుకునే గిట్‌హబ్‌లో దాని మీద జరిగిన చర్చ అంతా బహిరంగంగానే ఉంది. ఒక నిర్ణయం, దాని కారణం, దాని హద్దు మూడూ ఒకేచోట దొరకడం చాలా అరుదు. వారానికి ఒక్క భాగం చొప్పున చదివినా మీ ఆలోచన మారిపోతుంది.

అందరూ వాడగలిగేలా చేయడం గురించి మాత్రం వెబ్ ప్రమాణాలు తయారుచేసే డబ్ల్యూ3సీ సంస్థ వాళ్ల డబ్ల్యూసీఏజీ ప్రమాణాన్నే నేరుగా చదవండి, ఎవరో రాసిన సారాంశం వద్దు. 2.2 వెర్షన్ 2023 అక్టోబర్‌లో వచ్చింది. ప్రమాణం భాష బిగుతుగా ఉంటుంది కాబట్టి ప్రతి నియమానికీ పక్కన ఇచ్చే వివరణ పేజీతో మొదలుపెట్టండి. మామూలు సైజు అక్షరాలకీ నేపథ్యానికీ మధ్య కాంట్రాస్ట్ ఏఏ స్థాయిలో (ఆ ప్రమాణంలోని మూడు స్థాయిల్లో మధ్యది) కనీసం 4.5:1 ఉండాలని అందరూ చెబుతారు. అలా ఎందుకు అన్నది, చూపు తగ్గినవాళ్ల లెక్కతో సహా, ఆ వివరణలోనే ఉంటుంది.

ఇక ఐఏకి ప్రత్యేకంగా: 2001లో క్రిస్టీనా వోడ్కీ మొదలుపెట్టిన బాక్సెస్ అండ్ ఆరోస్ అనే ఆన్‌లైన్ పత్రికలోని పాత వ్యాసాలు, ఐఏ కాన్ఫరెన్స్ ప్రసంగాలు. ఆ సదస్సు 2000లో ఐఏ సమ్మిట్‌గా మొదలై 2019లో ఈ పేరుకి మారింది. ఫోన్ యాప్‌ల విషయంలో యాపిల్, గూగుల్ మార్గదర్శకాలు ఎలాగూ చూడాల్సిందే. కోడ్‌కి దగ్గరగా ఉండేవి కావాలంటే స్మాషింగ్ మ్యాగజైన్, ఎ లిస్ట్ అపార్ట్.

4. ఫీడ్ రీడర్ పెట్టుకోండి

ఆల్గరిథం మీకు ఏది చూపించాలో నిర్ణయిస్తుంటే మీ ప్రశ్న పక్కకిపోతుంది. సైట్లు తమ కొత్త వ్యాసాల జాబితాని (దాన్నే ఫీడ్ అంటారు) అందించే ఆర్‌ఎస్‌ఎస్ పద్ధతి పాతదే అయినా ఈ పనికి అదే సరైనది. ఫీడ్ రీడర్ మీరు ఎంచుకున్న సైట్ల కొత్త వ్యాసాలే, వచ్చిన వరసలో చూపిస్తుంది.

ఫీడ్లీ, ఇనోరీడర్, యాపిల్ పరికరాలకి నెట్‌న్యూస్‌వైర్, ఏదైనా ఒకటి తీసుకోండి. సైట్ అడ్రస్ కాపీ చేసి రీడర్‌లో పెడితే ఫీడ్ ఉంటే అదే పట్టుకుంటుంది. పట్టుకోకపోతే అడ్రస్ చివర స్లాష్ పెట్టి ఫీడ్ అని కలిపి చూడండి, చాలా సైట్లలో పనిచేస్తుంది. అప్పటికీ రాకపోతే ఆ సైట్ న్యూస్‌లెటర్ తీసుకుని, ఈమెయిల్‌లో దానికో ప్రత్యేక ఫోల్డర్‌కి వెళ్లేలా ఫిల్టర్ పెట్టండి.

రీడర్‌లో ఫోల్డర్లు సైట్ల పేరుతో చేయకండి. "పరిశోధన", "ఐఏ", "ప్రమాణాలు" అని పనిని బట్టి చేయండి. ఎర్ర అంకెల్లో "చదవనివి 240" అని చూపించే సెట్టింగ్ ముందే ఆపేయండి, అదొక అనవసరమైన టెన్షన్. వారంలో ఒక పూట కేటాయించుకుని శీర్షికలు అన్నీ ఒకసారి చూసి, మీ ప్రశ్నకి తగిలేవి రెండో మూడో తీసుకుని, మిగతావన్నీ చదివినట్టు మార్క్ చేసేయండి. వదిలేసినవి ఎక్కడికీ పోవు. కావాల్సినప్పుడు వెతికితే దొరుకుతాయి.

5. మాట ఎక్కడ పుట్టిందో చూడండి

అన్నిటికంటే ఎక్కువ శ్రద్ధ పెట్టాల్సింది ఇక్కడే. "ఐదుగురితో టెస్ట్ చేస్తే 85 శాతం సమస్యలు దొరుకుతాయి" అన్న మాటనే తీసుకుందాం. మీరు కూడా వినే ఉంటారు.

వెనక్కి వెళ్తే ఇది నీల్సన్ 2000 మార్చిలో రాసిన వ్యాసం దగ్గర తేలుతుంది. దాని వెనక ఆయన, థామస్ లాండావర్ కలిసి 1993లో ప్రచురించిన లెక్క ఉంది. ఒక్క మనిషితో టెస్ట్ చేస్తే సగటున 31 శాతం సమస్యలు బయటపడ్డాయి. అంటే ఒక సమస్య ఒక మనిషి దగ్గర కనిపించకుండా తప్పించుకునే అవకాశం 0.69. ఐదుగురి దగ్గరా తప్పించుకోవాలంటే 0.69ని ఐదుసార్లు గుణించాలి, సుమారు 0.16 వస్తుంది. మిగిలినది 84, 85 శాతం. ఇంతే లెక్క.

ఇప్పుడు ఆ 31ని కదిపి చూడండి. పదిమందిలో ఒక్కరికే ఎదురయ్యే సమస్య అనుకుందాం. అప్పుడు 0.9ని ఐదుసార్లు గుణించాలి, 0.59 వస్తుంది. అంటే ఐదుగురితో టెస్ట్ చేస్తే ఆ సమస్య కనిపించే అవకాశం 41 శాతమే. తెర మీద ఉన్నది చదివి వినిపించే స్క్రీన్ రీడర్ వాడేవాళ్లకి మాత్రమే తగిలే అడ్డంకి అయితే, ఆ ఐదుగురిలో అలాంటివాళ్లు ఒక్కరూ లేకపోతే, అది కనిపించనే కనిపించదు.

అసలు వ్యాసం చదివితే ఇంకో సంగతి తెలుస్తుంది. "ఐదుగురితో చేసి ఆపేయండి" అని నీల్సన్ చెప్పలేదు. పదిహేను మందికి సరిపడా డబ్బుంటే ఐదేసి మందితో మూడుసార్లు చేయండి, ప్రతిసారీ మధ్యలో డిజైన్ సరిదిద్దండి అన్నారు. వాడేవాళ్లలో బాగా వేరువేరు వర్గాలుంటే ఇంకా ఎక్కువమంది కావాలనీ అదే వ్యాసంలో ఉంది. నీల్సన్ నార్మన్ గ్రూపే కార్డ్ సార్టింగ్‌కి, అంటే విషయాలు రాసిన కార్డులను జనం చేత గుంపులు చేయించి చూడటానికి, 2004లో పదిహేను మంది కావాలంది. అంకెలతో కొలిచే పరీక్షలకి 2006లో ఇరవై అంది, తర్వాత నలభై అంది. పని మారితే అంకె మారుతుంది. చేతులు మారి మనదాకా వచ్చే సరికి "ఐదు" ఒక్కటే మిగిలింది.

మొదట్లో చెప్పుకున్న మిగతా రెండు మాటలూ ఇలాగే తేలిపోతాయి. "ఏడు" వెనక ఉన్నది మనస్తత్వ శాస్త్రవేత్త జార్జ్ మిల్లర్ 1956లో రాసిన పత్రం, అది అప్పటికప్పుడు విని గుర్తుపెట్టుకోవడం గురించి. మెనూ కళ్లెదుటే ఉంటుంది, దాన్ని ఎవరూ బట్టీ పట్టక్కర్లేదు. మూడు క్లిక్కుల నియమాన్ని యూజర్ ఇంటర్‌ఫేస్ ఇంజనీరింగ్ అనే సంస్థ 2003లో పరీక్షించి, క్లిక్కుల సంఖ్యకీ జనం వదిలేసి పోవడానికీ సంబంధం కనిపించలేదని చెప్పింది. సరైన దారిలోనే ఉన్నామన్న ధీమా ఉంటే ఇంకో క్లిక్ ఎవరికీ బరువు కాదు.

కాబట్టి ఏ వ్యాసం తెరిచినా నాలుగు చూడండి. తేదీ ఉందా? మూలానికి లింక్ ఉందా, ఆ లింక్ మరో సారాంశానికే వెళ్తోందా? ఎంతమందితో, ఏ పని చేయించి చూశారు? ఎక్కడ ఇది పనిచేయదో రాశారా? చివరి ప్రశ్నకి జవాబు ఉన్న వ్యాసాన్ని నేను ఎక్కువ నమ్ముతాను. చివరికి కోర్సో టూలో అమ్మడానికే రాసిన వ్యాసంలో ఆ భాగమే ఉండదు.

6. నోట్స్ పొట్టిగా, సొంత మాటల్లో

లింకులు పోగేస్తే తిరిగి చూడరు. చదివిన ప్రతిదానికీ నాలుగు వరసలు రాయండి: ఏం చెప్పారు, దేని ఆధారంగా చెప్పారు, ఎక్కడ వర్తించదు, నా ప్రశ్నకి దీంతో ఏం పని. కాపీ పేస్ట్ చేయకుండా తెలుగులోనే, మీరు మాట్లాడే భాషలోనే రాయండి. నాలుగో వరస ఖాళీగా ఉంటే ఆ నోట్ ఉంచుకోవాల్సిన అవసరం లేదు.

7. ఆ వారంలోనే చేసి చూడండి

ఐఏ వ్యాసాలు చదివి ఊరుకుంటే ఏదీ ఒంటబట్టదు. అదృష్టవశాత్తూ దీనికి కావాల్సింది కాగితం, పెన్ను, కాస్త ఓపిక ఉన్న నలుగురు మనుషులు.

రీఫండ్ ప్రశ్న దగ్గరికి వద్దాం. ముందు కార్డ్ సార్టింగ్. యాప్‌లో ఉన్న విషయాలను ముప్పై నలభై కార్డుల మీద రాయండి, కార్డుకి ఒకటి: "ఆర్డర్ ఎక్కడిదాకా వచ్చింది", "అడ్రస్ మార్చడం", "పాడైన వస్తువు వెనక్కి పంపడం", "డబ్బు ఎప్పుడు వస్తుంది" ఇలా. టీమ్‌లో లేని మనిషికి ఇచ్చి, తనకి తోచినట్టు గుంపులు చేసి, ఒక్కో గుంపుకి పేరు పెట్టమనండి. మీరు నోరు మెదపకండి. ఏ కార్డు పట్టుకుని ఎక్కువసేపు తటపటాయించారో, ఆ టైంలో ఏమని గొణుక్కున్నారో రాసుకోండి. "డబ్బు ఎప్పుడు వస్తుంది" కార్డుని ఒకరు ఆర్డర్ల గుంపులో, ఇంకొకరు పేమెంట్ల గుంపులో పెట్టారంటే, మీ యాప్‌లో అది రెండు చోట్ల నుంచీ అందాలేమో ఆలోచించాలి. నలుగురితో చేస్తే గుంపుల లెక్క నిలవదు, దానికి పైన చెప్పిన పదిహేను మంది కావాలి. జనం నోట వచ్చే పేర్లు మాత్రం ఆ నలుగురి దగ్గరే చాలా దొరుకుతాయి.

తర్వాత ట్రీ టెస్ట్. ఇందులో బొమ్మలూ రంగులూ ఏవీ ఉండవు, మెనూ పేర్లు మాత్రమే, ఒకదాని కింద ఒకటి. దీన్ని కార్డులతోనే ఎలా చేయాలో డోనా స్పెన్సర్ 2003లో బాక్సెస్ అండ్ ఆరోస్‌లో రాశారు, ఇప్పటికీ దాన్నే అనుసరించవచ్చు. ఆన్‌లైన్‌లో చేయాలంటే ఆప్టిమల్ వర్క్‌షాప్ లాంటి టూల్స్ ఉన్నాయి. మొదటి మెట్టు పేర్లు ఒక కార్డు మీద, వాటిలో ఒక్కోదాని కిందవి ఒక్కో కార్డు మీద రాసి, ఒక పని చెప్పి, ఎక్కడికి వెళ్తారో అడగడమే.

అంతా ఆ పనిని చెప్పే తీరులో ఉంది. "రీఫండ్ ఎక్కడ అడుగుతారు?" అన్నారంటే మెనూలో ఆ మాట ఎక్కడుందో చూసి వేలు పెడతారు, మీకేమీ తెలియదు. "తెప్పించుకున్న బూట్లు బిగుతుగా ఉన్నాయి. కట్టిన డబ్బు మీకు తిరిగి కావాలి. ముందు ఎక్కడికి వెళ్తారు?" అని అడగండి. మొదట వేలు పెట్టిన చోటుని కచ్చితంగా రాసుకోండి, తర్వాత వెనక్కి వచ్చి మార్చుకున్నా సరే. ముగ్గురు వరసగా "నా ఆర్డర్లు" కింద వెతికి, మీ యాప్‌లో అది "సహాయం" కింద ఉంటే, కస్టమర్ కేర్ ఫోన్ ఎందుకు మోగుతోందో చెప్పడానికి గట్టి ఆధారం దొరికినట్టే.

ఇది అయ్యాక మళ్లీ మీ నోట్స్ తెరిచి, చదివినదానికీ చూసినదానికీ ఎక్కడ పొసగలేదో రాయండి. వచ్చే నెల ప్రశ్న చాలాసార్లు అక్కడే పుడుతుంది.

8. పాతవి పోకుండా, కొత్తవి పేరుకోకుండా

ఈ రంగంలో చోట్లు మూతపడుతుంటాయి. 2002లో మొదలైన ఇన్ఫర్మేషన్ ఆర్కిటెక్చర్ ఇన్‌స్టిట్యూట్ 2019లో మూసేశారు. ఎంతోమంది రోజూ వాడిన గూగుల్ రీడర్ అనే ఫీడ్ రీడర్ 2013లో పోయింది. అందుకే మీ ఫీడ్ల జాబితాని ఓపీఎంఎల్ ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి దాచుకోండి, ఏ రీడర్‌కి మారినా అది తీసుకుంటుంది. మీ నోట్స్‌లో ఆధారపడ్డ వ్యాసాన్ని ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషీన్‌లో సేవ్ చేసి, ఆ లింక్ కూడా పక్కన పెట్టండి. తెగిపోయిన పాత లింక్‌ని అక్కడ పెట్టి చూస్తే చాలాసార్లు అసలు వ్యాసం దొరుకుతుంది.

మూడు నెలలకోసారి ఫీడ్ల జాబితా మీద ఒకసారి కన్నేయండి. ఈ మూడు నెలల్లో ఒక్క నోట్ కూడా ఇవ్వని సైట్‌ని, ఎంత పేరున్నదైనా, తీసేయండి. కొత్తదాన్ని చేర్చే ముందు దాని పాత వ్యాసాలు మూడు తెరిచి తేదీ, మూలం, హద్దులు ఉన్నాయో లేదో చూడండి. తాము ముందు రాసినది తప్పని తేలాక దిద్దుకున్న సైట్ కనిపిస్తే మాత్రం వెంటనే చేర్చేయండి. నీల్సన్ నార్మన్ గ్రూప్ 2006లో చెప్పిన ఎఫ్ ఆకారపు చూపుని (పై వరసలు అడ్డంగా చూసి, తర్వాత ఎడమ అంచు వెంట కిందికి జారే చూపు) చాలామంది డిజైన్ సలహాగా తీసుకున్నారు. పేజీని ఉపశీర్షికలు, పేరాలతో సరిగా విడదీయనప్పుడు జనం అలా చదువుతారనీ, అది చదివేవాళ్లకి నష్టమనీ 2017లో వాళ్లే మళ్లీ విడమరిచి రాశారు. ఆ రెండు వ్యాసాలనూ పక్కపక్కన పెట్టుకుని చదవండి, ఈ నెల పనికి అది మంచి మొదలు.